పెచ్చులూడే గోడలకు, సీలింగులకు మళ్లీ రంగు

పాత ఇళ్లలో గోడల మీద, సీలింగు మీద రంగు పొలుసులుగా లేచి, పొక్కులు కట్టి, పొడిగా రాలిపోతున్నప్పుడు ఆ వదులు పొరలను తీసేసి, కింది భాగాన్ని గట్టిచేసి, తిరిగి రంగు పూయడం గృహ నిర్వహణలో పెద్ద పని. పూయడం దీంట్లో చివరి అంకం మాత్రమే. రంగు వేసేది రెండు రోజులైతే గీకేది నాలుగు రోజులు. ఆ నాలుగు రోజుల కూలి మిగుల్చుకోవాలనుకున్న ఇల్లే మరుసటి వానాకాలానికి మళ్లీ పొలుసులు రాలుస్తుంది.

రంగు ఊడిందని అంటాం గాని, చాలాసార్లు ఊడేది రంగు కాదు. రంగు తన కింది పొరను గట్టిగా పట్టుకునే ఉంటుంది; ఆ కింది పొరే గోడను వదిలేస్తుంది. కింద పడ్డ పెచ్చును చేతిలోకి తీసుకుని వెనకవైపు తిప్పి చూస్తే సగం సంగతి తెలిసిపోతుంది. వెనక తెల్లటి పొడి అంటుకుని ఉంటే సున్నమో డిస్టెంపరో వదిలేసిందన్నమాట. ఇసుక రేణువులు కనిపిస్తే ప్లాస్టరే బలహీనపడింది. వెనకవైపు శుభ్రంగా, నున్నగా ఉంటే నునుపు పెయింటు మీదో, జిడ్డు మీదో గరుకు చేయకుండా పూసి ఉంటారు. గాజుపెంకుల్లాంటి ఉప్పు పలుకులు మెరుస్తుంటే గోడలో చెమ్మ ఉంది. డబ్బా మీది పేరును తిట్టే ముందు పెచ్చు వెనకవైపు చదవడం మేలు.

గోడ మీద పేరుకున్న పొరలు

యాభై అరవై ఏళ్ల ఇంటి గోడను చాకుమొనతో కొంచెం చెక్కితే ఆ ఇంటి చరిత్ర రంగురంగుల చారలుగా బయటపడుతుంది. అన్నిటికన్నా అడుగున ఉండేది వెల్ల, అంటే సున్నం పూత. సున్నపురాయిని సుమారు 900 డిగ్రీల సెల్సియస్ వేడిలో కాలిస్తే కాల్షియం ఆక్సైడు మిగులుతుంది. దానిపై నీళ్లు పోస్తే కుతకుత ఉడికి తడిసున్నం అవుతుంది. కోస్తాలో ఆల్చిప్పలు, నత్తగుల్లలు కాల్చి తీసిన గుల్లసున్నం కూడా వాడేవారు. తడిసున్నాన్ని పలచటి గుడ్డలో వడకట్టి, పట్టు కోసం తుమ్మబంకో గంజో కలిపి, తెల్లదనానికి కాస్త నీలిమందు వేసి కుంచెతో పూసేవారు. గోడ మీద అది గాలిలోని కార్బన్ డయాక్సైడును పీల్చుకుంటూ మెల్లగా మళ్లీ రాయిగా మారుతుంది. పండక్కి పండక్కి ఒక పూత చొప్పున ముప్పై ఏళ్లు వేసిన గోడ మీద సున్నం అట్టంత మందాన పేరుకుంటుంది.

తర్వాత వచ్చినవి డిస్టెంపర్లు. సుద్దపొడిలో జిగురు కలిపిన పొడి డిస్టెంపరు మొదటిది. తడిగుడ్డతో తుడిస్తే చేతికే అంటుకుంటుంది. నూనె లేదా యాక్రిలిక్ కలిసిన డిస్టెంపరు కొంత నయం. ఆపైన వచ్చింది ప్లాస్టిక్ ఎమల్షన్. నీళ్లలో చెదిరి ఉన్న పాలిమరు రేణువులు ఆరేకొద్దీ ఒకదానికొకటి అతుక్కుని పలచటి పొరగా ఏర్పడటం దీని పద్ధతి. వీటితోపాటు బడులు, ఆసుపత్రులు, ఆఫీసుల గోడలకు కింది నాలుగైదు అడుగుల మేర పట్టీగా వేసే ఆయిల్ పెయింటు సంగతి వేరు. చేతి మురికి, వీపు జిడ్డు కడుక్కోవచ్చని వేసిన ఆ మెరిసే పట్టీ మీద, తర్వాత ఎప్పుడో గరుకు చేయకుండా ఎమల్షన్ పూసేస్తారు. అది అరటితొక్కలా లేస్తుంది.

సీలింగుల్లోనూ ఇన్ని రకాలు. రాయలసీమ మిద్దెల్లో దూలాల మీద బండలో కట్టెలో పరిచి, పైన చవుడు మట్టి వేస్తారు. మద్రాసు ప్రెసిడెన్సీ కాలపు బంగళాల్లో టేకు దూలాల మీద ఇటుకలను సున్నంతో నిలువుగా పేర్చి, పైన ఇటుకముక్కల కాంక్రీటు వేసిన మద్రాసు టెర్రస్ కనిపిస్తుంది. ఇప్పటి ఇళ్లన్నీ దాదాపు సిమెంటు శ్లాబులే. శ్లాబు అడుగున ప్లాస్టరు మందం 6 మిల్లీమీటర్లకు మించకూడదన్నది వాడుకలోని కొలత. గోడకైతే లోపలివైపు 12 దాకా వేస్తారు. సెంట్రింగు రేకులకు పూసిన నూనె శ్లాబు అడుగుకు అంటి ఉండగానే, కాంక్రీటుకు గాట్లు పెట్టకుండా ప్లాస్టరు వేస్తే అది ఏదో ఒకనాడు పెళ్లలుగా ఊడిపడుతుంది. ఇది రంగు పని కాదు, తాపీ పని. తలమీద పడేదాకా ఆగకుండా ముందే తీసేయాలి.

ఎందుకు లేస్తుంది

కారణాలు చాలానే చెప్పవచ్చు గాని, మూలంలో రెండే: నీరు, పొంతన లేని పొరలు.

పొంతన సంగతి ముందు. ఎమల్షన్ ఆరేటప్పుడు ముడుచుకుంటుంది. ముడుచుకుంటూ కింది పొరను లాగుతుంది. కింద గట్టి ప్లాస్టరు ఉంటే ఆ లాగుడును తట్టుకుంటుంది. పొడిబారిన సున్నం ఉంటే అదే గోడను వదిలి పొరతో పాటు పైకి లేస్తుంది. పైన ఎంత ఖరీదైన, ఎంత గట్టి రంగు వేస్తే లాగుడు అంత ఎక్కువ కాబట్టి, సున్నం మీద చౌక రంగు నిలిచి మేలురకం రంగు ఊడటమనే వింత కూడా జరుగుతుంది. సీలింగు మీద దీనికి బరువు తోడవుతుంది. పైగా ఎండకు శ్లాబు వేడెక్కి సాగి, రాత్రికి చల్లబడి ముడుచుకోవడం రోజూ జరిగేదే. అమెరికాలో పాత ఇళ్ల సీలింగులకు వేసిన కాల్సిమైన్ అనే సుద్ద పూత కూడా ఇలాంటిదే. దానిపై తర్వాత వేసిన పెయింట్లు దశాబ్దాల తర్వాత కూడా పలకలుగా రాలుతుంటాయి.

నీరు చేసే చెరుపు ఇంకా లోతైనది. నేలలోని తడి ఇటుక సూక్ష్మరంధ్రాల వెంట పైకి పాకుతుంది. పునాది మీద చెమ్మను ఆపే పొర లేని పాత ఇళ్లలో ఇది సాధారణంగా మూడడుగుల దాకా ఎగబాకుతుంది. తనతో పాటు సల్ఫేట్లు, క్లోరైడ్లు, నైట్రేట్ల వంటి లవణాలను మోసుకొస్తుంది. నీరు ఆవిరైపోయాక ఉప్పు మిగులుతుంది. గోడ ఉపరితలం మీద తెల్లటి నూగులా కనిపిస్తే పరవాలేదు. రంగు పొర వెనకే పలుకులు కడితే ఆ ఒత్తిడికి రంగూ ప్లాస్టరూ రెండూ రాలతాయి. దీన్నే జనం గోడ చవుడు పట్టిందంటారు. సముద్రపు ఇసుక వాడిన కట్టడాల్లో ఈ తెగులు పుట్టుకతోనే ఉంటుంది.

కొత్త ప్లాస్టరు మీద తొందరపడి ఆయిల్ పెయింటు వేయడం మరో పొరపాటు. పచ్చి సిమెంటు క్షారగుణం పీహెచ్ 12 దాటి ఉంటుంది. తడి ఉండగా ఆ క్షారం పెయింటులోని నూనెను విరగ్గొట్టి సబ్బులా మార్చేస్తుంది. మరమ్మతు చేసిన చోట రంగు జిగటగా మారి ఊడటానికి కారణం ఇదే. అందుకే కొత్త ప్లాస్టరును కనీసం 28 రోజులు ఆరనివ్వాలంటారు.

ఎక్కడ ఊడిందో చూడాలి

మచ్చ ఉన్న చోటే కారణాన్ని పట్టిస్తుంది. సీలింగు మధ్యలో గోధుమరంగు అంచుతో వలయంలా ఉంటే మిద్దె కురుస్తోంది. ఆ వలయం వానతో సంబంధం లేకుండా ఏడాది పొడవునా తడిగా ఉంటే పైఅంతస్తు బాత్రూమునూ, అక్కడి నహానీ ట్రాప్ (నేల నీళ్లు పోయే తూము) చుట్టూ ఉన్న అతుకులనూ చూడాలి. కిటికీ పైమూలల్లో ఊడితే సన్‌షేడు మీద నీరు నిలుస్తోంది. గోడ అడుగున బారుగా ఊడితే నేల చెమ్మ. గది అంతటా ఒకే తీరున పొడి రాలితే అది సున్నం కథ.

సీలింగు మీద సరళరేఖల్లో, జానెడు ఎడంతో పగుళ్లు కట్టి పెచ్చులు ఊడుతుంటే మాత్రం పెయింటరును పిలవకూడదు. లోపలి ఇనుప చువ్వలు తుప్పు పడుతున్నాయి. తుప్పు అసలు ఇనుముకన్నా ఎన్నో రెట్లు ఎక్కువ చోటు ఆక్రమించి, కాంక్రీటును లోపలినుంచి చీలుస్తుంది. విశాఖపట్నం, కాకినాడ, మచిలీపట్నం వంటి సముద్రతీర ఊళ్లలో ఉప్పుగాలి వల్ల ఇది మరీ త్వరగా వస్తుంది. దానిపై లప్పం (పుట్టీ) మెత్తి రంగు వేయడమంటే జబ్బును దుప్పటి కప్పి దాచడమే. స్ట్రక్చరల్ ఇంజనీరు చూసి, చువ్వలు శుభ్రం చేసి, కాంక్రీటు మరమ్మతు చేశాకే మిగతా పని.

పరీక్షలకు పెద్ద సరంజామా అక్కర్లేదు. కర్ర పిడితో గోడ పొడవునా తట్టుకుంటూ పోతే వదిలేసిన ప్లాస్టరు డొల్లగా పలుకుతుంది. అరచేత్తో రుద్దితే తెల్లగా అంటేది పొడి పొర. రంగు మీద చాకుతో అడ్డంగా, నిలువుగా గాట్లు పెట్టి, మీద టేపు అంటించి లాగితే ఎంత రంగు ఊడొస్తుందో చూసి పట్టు అంచనా వేయవచ్చు. చెమ్మ అనుమానమైతే చదరపు అడుగు ప్లాస్టిక్ షీటును నాలుగువైపులా టేపుతో గోడకు మూసి ఒక రోజు ఉంచాలి. షీటు గోడవైపు నీటి ముత్యాలు కడితే తడి గోడలోంచి వస్తోంది. గదివైపు కడితే గాలిలోని తేమ.

గీకే ముందు: సీసం సంగతి

పాత ఆయిల్ పెయింట్లలో, ముఖ్యంగా తలుపులు, కిటికీలు, గోడల కింది పట్టీలకు వేసిన పసుపు, నారింజ రంగుల ఎనామిళ్లలో సీసం ఉండే అవకాశం ఎక్కువ. ఆ పొడి పిల్లల ఒంట్లోకి వెళితే మెదడు ఎదుగుదల దెబ్బతింటుంది. ప్రమాదం కొత్తగా కనిపెట్టిందేమీ కాదు: ఇళ్ల లోపలి రంగుల్లో తెల్లసీసం వాడకాన్ని అడ్డుకునే ఒప్పందాన్ని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1921లోనే ఆమోదించింది. అమెరికా 1978లో ఇళ్ల పెయింట్లలో సీసాన్ని నిషేధించింది. మన దేశంలో ఇళ్ల పెయింట్లలో సీసం 90 పీపీఎంకు మించకూడదన్న నియమాలు 2016లో వెలువడి, 2017 నవంబరు 1 నుంచి అమల్లోకి వచ్చాయి. అంటే అంతకు ముందు వేసిన ఎనామిల్ ఏదైనా అనుమానించదగిందే.

అలాంటి పెయింటును పొడిగా గీకకూడదు, మిషనుతో అరగదీయకూడదు, మంటతో కాల్చకూడదు. నీళ్లు చిలకరించి తడిపి గీకి, రాలిన పొలుసులను సంచిలో కట్టి తీసేయాలి. పని జరిగే గదిలోకి పిల్లల్ని, గర్భిణుల్ని రానివ్వకూడదు. గదిని చీపురుతో ఊడ్చడం కన్నా తడిగుడ్డతో తుడవడం మంచిది. సీసం లేకపోయినా లప్పం అరగదీసే దుమ్ము ఊపిరితిత్తులకు మంచిది కాదు. ముక్కుకు కట్టిన తువ్వాలు చాలదు, ఎన్-95 తరహా మాస్కు కావాలి.

అమెరికాలో పాత ఇళ్లు కొనే తెలుగువారికి ఇంకో జాగ్రత్త. అక్కడ 1980లకు ముందు కట్టిన ఇళ్లలో పేలాల్లాంటి గరుకు సీలింగు కనిపిస్తే అందులో ఆస్‌బెస్టాస్ ఉండవచ్చు. పరీక్ష చేయించకుండా దాన్ని తాకకూడదు. 1978కి ముందటి ఇళ్లలో కూలికి రంగు పని చేసే సంస్థలకు సీసం విషయంలో ప్రత్యేక ధ్రువీకరణ ఉండాలన్న నిబంధన 2010 నుంచి అక్కడ అమల్లో ఉంది.

గీకడం

సామాను బయటికి తీసి, మిగిలినదాన్ని కప్పి, ఫ్యాను దించి, కరెంటు ఆపి మొదలుపెట్టాలి. పని పైనుంచి కిందికి: ముందు సీలింగు, తర్వాత గోడలు, చివర తలుపులు. స్టూలు మీద స్టూలు పెట్టడం కన్నా గదికి తగిన చిన్న పరంజా కట్టుకుంటే మెడ, నడుము రెండూ బతుకుతాయి.

సున్నం, డిస్టెంపరు ఉన్న గోడను స్ప్రేతో బాగా తడిపి పావుగంట నాననిచ్చాక వెడల్పాటి స్క్రేపరుతో గీకితే మెత్తగా, దుమ్ము లేకుండా వస్తుంది. ప్లాస్టరు కనపడేదాకా తీయాలి. ఇక్కడే చాలామంది ఆగిపోతారు. ఊడిన మేరకే గీకి, గట్టిగా కనిపించేదాన్ని వదిలేస్తారు. సున్నం మీది ఎమల్షన్ విషయంలో ఆ గట్టితనం నమ్మదగింది కాదు, అవతలి చివరన అదీ వదులే. ప్లాస్టరు మీద సరిగ్గా పట్టిన ఎమల్షన్ అయితే మొత్తం తీయనక్కర్లేదు. ఊడిన చోటు అంచును ఎమరీ పేపరుతో ఏటవాలుగా అరగదీస్తే, తర్వాత రంగు వేసినా అంచు గీతలా కనపడదు.

నల్లటి బూజు మచ్చలుంటే వాటిపై రంగు వేస్తే నెలల్లోనే పైకి తేలతాయి. ఒక వంతు బ్లీచు ద్రావణానికి మూడు వంతుల నీళ్లు కలిపి పూసి, పావుగంట ఆగి కడిగి ఆరనివ్వాలి. ఆ బ్లీచులో యాసిడ్‌గాని అమోనియాగాని కలపకూడదు, విషవాయువు పుడుతుంది. ఉప్పు పట్టిన చోట తీరు దీనికి పూర్తిగా తిరగబడుతుంది: నీళ్లతో కడగకుండా పొడి బ్రష్షుతో రుద్ది ఊడ్చేయాలి. కడిగితే ఉప్పు కరిగి తిరిగి గోడలోకే పోతుంది. వంటింట్లో నూనె మసి సబ్బునీళ్లతో వదిలేదాకా కడగందే ఏ ప్రైమరూ పట్టదు.

పూడ్చడం, లప్పం

సన్నటి పగులును అలాగే పూడిస్తే పైపైనే ఉండి మళ్లీ విచ్చుకుంటుంది. స్క్రేపరు మూలతో దాన్ని ‘వి’ ఆకారంలో విప్పి, దుమ్ము తుడిచి, తడిపి పూడ్చాలి. గోడకూ శ్లాబుకూ మధ్య, గోడకూ స్తంభానికీ మధ్య వచ్చే పగుళ్లు ఏటా కదిలేవి. అక్కడ గట్టి సిమెంటు కన్నా సాగే యాక్రిలిక్ పూడికో, జాలీ టేపో నయం. డొల్ల ప్లాస్టరును మొత్తం కొట్టేసి కొత్తది వేయించాలి.

పుట్టీని తెలుగునాట పెయింటర్లు లప్పం అంటారు. తెల్లసిమెంటు లప్పం, యాక్రిలిక్ లప్పం, ప్లాస్టర్ ఆఫ్ పారిస్ అని మూడు రకాలు వాడుకలో ఉన్నాయి. ప్లాస్టర్ ఆఫ్ పారిస్ నున్నగా వస్తుంది గాని చెమ్మ తగిలితే మెత్తబడుతుంది. బాత్రూము కింది సీలింగుకు అది తగదు. తెల్లసిమెంటు లప్పాన్ని తడిపిన గోడ మీద, ఒక పూత ఒకటిన్నర మిల్లీమీటరుకు మించకుండా రెండు పూతలు వేయాలి. కలిపిన లప్పాన్ని రెండు మూడు గంటల్లో వాడేయాలి; గట్టిపడుతున్నదానికి మళ్లీ నీళ్లు కలిపి వాడితే పట్టు ఉండదు. పని వేళ సాయంత్రానికి దగ్గర పడేకొద్దీ ఈ నీళ్లు కలపడం జరిగేదే కాబట్టి ఇంటివారు ఒక కన్నేసి ఉంచాలి. లోతైన గుంటలు పూడ్చడానికి లప్పం పనికిరాదు, దానికి ఇసుక సిమెంటే దిక్కు.

ఆరాక ఎమరీ పేపరుతో రుద్దడం. ముందు 150, 180 వంటి గరుకు నంబరు, చివర 320 వంటి మెత్తటి నంబరు. పక్కనుంచి లైటు వేసి చూస్తే ఎగుడుదిగుళ్లు నీడలుగా తేలతాయి. సీలింగు మీద కిటికీ వెలుతురు ఏటవాలుగా పడుతుంది కాబట్టి ఈ పరీక్ష అక్కడ మరీ అవసరం. రుద్దిన దుమ్మును తుడవకుండా ప్రైమరు వేస్తే ఇంతసేపూ తీసిన పొడి పొరను మళ్లీ చేత్తో వేసినట్టే.

ప్రైమరు, రంగు

గోడ ఎంత పీల్చుకుంటుందో దాన్ని సమం చేయడం, రంగుకూ గోడకూ మధ్య పట్టు కలిగించడం ప్రైమరు పని. మామూలు ప్లాస్టరుకు, లప్పానికి నీటితో కలిపే ప్రైమరు చాలు. ఎంత గీకినా కొంత పొడితనం మిగిలిన పాత గోడకు, నీటిమరకలు, పొగమరకలు ఉన్న సీలింగుకు సాల్వెంటుతో చేసిన ప్రైమరు వాడాలి. గోధుమరంగు నీటిమరక మీద నేరుగా ఎమల్షన్ వేస్తే ఎన్ని పూతలు వేసినా మరక పైకి ఊరుతూనే ఉంటుంది. మెరిసే ఆయిల్ పట్టీని ముందు ఎమరీతో మెరుపు పోయేదాకా రుద్దాలి.

లెక్కకు ఒక గది తీసుకుందాం: 12 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు, 10 అడుగుల ఎత్తు. నాలుగు గోడలు 440 చదరపు అడుగులు, సీలింగు 120. ఒక తలుపు, రెండు కిటికీలకు సుమారు 53 తీసేస్తే 507 మిగులుతుంది. నునుపు చేసిన గోడ మీద లీటరు ఎమల్షన్ ఒక పూతకు దాదాపు 100 నుంచి 120 చదరపు అడుగులు వస్తుందనుకుంటే, రెండు పూతలకు సుమారు ఎనిమిదిన్నర నుంచి 10 లీటర్లు కావాలి. లప్పం రెండు పూతలకు 40 కిలోల బస్తా ఒకటి ఇంచుమించు సరిపోతుంది. గరుకు గోడకు ఈ లెక్కలన్నీ పెరుగుతాయి. సీలింగుకు మెరుపులేని మ్యాట్ తెలుపే తగినది. మెరుపు రంగు ప్రతి గుంటనూ ఎత్తి చూపిస్తుంది. పూతకూ పూతకూ మధ్య నాలుగైదు గంటలు ఆగాలి, వానరోజుల్లో ఇంకా ఎక్కువ. గోడలకు రంగు వేసే పనితీరుపై భారతీయ ప్రమాణాల సంస్థ ఐఎస్ 2395 అనే నియమావళిని, వెల్లవేయడంపై ఐఎస్ 6278ని ప్రచురించింది. కాంట్రాక్టు రాసుకునేటప్పుడు వీటిని పేర్కొనవచ్చు.

సున్నానికి సున్నమే

మట్టితోనో సున్నంతోనో కట్టిన పాత ఇంటికి సిమెంటు ప్లాస్టరు, పైన ప్లాస్టిక్ రంగు వేయడం చాలా ఇళ్లను చెడగొట్టింది. ఆ గోడలు తడిని పీల్చుకుని, ఎండకు వదిలేస్తూ బతికేవి. పైన గాలాడని పొర కప్పితే తడి లోపలే చిక్కి, ఆ పొరనే తోసేస్తుంది. అలాంటి ఇంటికి పొరలన్నీ గీకేసి మళ్లీ వెల్ల వేయడమే చవక, మన్నిక కూడా. చేతికి అంటుతుందన్న ఫిర్యాదు నిజమే గాని, పలచగా మూడు పూతలు, గోడ తడిపి వేస్తే అంటడం బాగా తగ్గుతుంది. ఇదివరకే ఎమల్షన్ పూసి ఉన్న గోడ మీద మాత్రం సున్నం నిలవదు.

ఎప్పుడు చేయాలంటే, మిద్దె లీకులు వేసవిలో సరిచేసి, ఒక వానాకాలం గడిచి ఇల్లు కురవలేదని రూఢి చేసుకుని, చలికాలంలో లోపలి రంగు వేసుకోవడం ఉత్తమం. సంక్రాంతి ముందు వెల్ల వేసే పాత అలవాటు ఈ లెక్కకు సరిగ్గా సరిపోతుంది. కోస్తాలో ఈశాన్య రుతుపవనాల వానలు డిసెంబరు దాకా ఉంటాయి కనుక అక్కడ గోడలు ఆరాయో లేదో చూసుకోవాలి. మే నెల వడగాలిలో రంగు పూస్తే కుంచె జాడలు కలిసేలోపే ఆరిపోతుంది, లప్పంలో నీళ్లు గట్టిపడకముందే ఎగిరిపోతాయి.

గీకకూడని గోడలు

స్క్రేపరు తగలకూడని చోట్లు కొన్నున్నాయి. పాత దేవాలయాలు, మఠాలు, గడీలలో వెల్ల పొరల కింద బొమ్మలు ఉండవచ్చు. శ్రీ సత్యసాయి జిల్లా లేపాక్షిలో వీరభద్రాలయం సీలింగు మీద 16వ శతాబ్దపు విజయనగర చిత్రాలు సున్నపు ప్లాస్టరు మీదే గీసినవి. అక్కడ పొలుసు లేస్తే దాన్ని మళ్లీ గోడకు అంటించడమే పని, మీద కొత్త రంగు వేయడం కాదు. హైదరాబాదు చార్మినారు సున్నపు గచ్చు కట్టడం. 2019 మే 1న ఒక మీనారు మీది గచ్చు ముక్క ఊడిపడినప్పుడు అతికించింది మళ్లీ సున్నపు మిశ్రమంతోనే. కుతుబ్ షాహీ సమాధుల దగ్గర 2013లో ఆగాఖాన్ సాంస్కృతిక ట్రస్టు చేపట్టిన పునరుద్ధరణలో, 20వ శతాబ్దంలో పూసిన సిమెంటు పొరలను చెక్కి తీసి సంప్రదాయ సున్నపు గచ్చు వేశారు.